నాన్న వ్యానులో పెట్టిన డబ్బా

మా ఇంట్లో బయలుదేరిన మనిషిని "ఎక్కడికి?" అని అడగరు. చాలా తెలుగు ఇళ్లలో ఈ పట్టింపు ఉంది గానీ, ఒడిశాలోని రాయగడలో మా ఇంట్లో ఉన్నంత గట్టిగా నేనెక్కడా చూడలేదు. మా తాత విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడ కిరాణా కొట్టు పెట్టినప్పటి నుంచీ మావాళ్లకు వ్యాపారమంటే కొండ మీది సంతలే. సరుకు వేసుకుని సంతకు బయలుదేరే మనిషిని ఎక్కడికని అడిగితే ఆ రోజు బేరం చెడుతుందని నమ్మకం. నిజానికి అడగకూడనిది ఆ ఒక్క మాటే. కానీ ఇలాంటి పట్టింపులు ఇల్లంతా పాకుతాయి. ఎందుకు ఆలస్యమైంది, దారిలో ఏం జరిగింది, ఒంట్లో ఎలా ఉంది, ఇవి కూడా మేం అడగడం మానేశాం. నాన్న వ్యాను దిగి కాళ్లు కడుక్కుంటే అమ్మ కంచం పెట్టేది. మాట్లాడితే చింతపండు ధర గురించి మాట్లాడుకునేవారు. నేను పెళ్లి చేసుకుని బయటికి వచ్చాక గానీ, ఇళ్లలో మనుషులు ఒకరినొకరు ఇన్ని ప్రశ్నలు అడుగుతారని నాకు తెలియలేదు.

ఇప్పుడు నేను సునాబెడలో ఫ్యాక్టరీ క్వార్టర్స్‌లో ఉంటున్నాను. మా ఆయన అక్కడ టెక్నీషియను. నేను రోజూ బస్సెక్కి కోరాపుట్ వెళ్లి ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబు చూసుకుంటాను. చూసుకోవడమంటే విద్యార్థులు కాల్చేసిన బోర్డులకు ప్రాణం పోయడం, బాగుపడని వాటిని బీరువాలో దాచి లెక్కలో ఉన్నట్టు చూపించడం. నాన్నకు ఈ ఉద్యోగం ఏమిటో ఎన్నడూ అర్థం కాలేదు. ఎవరైనా అడిగితే "మా అమ్మి కరెంటు పని నేర్పుతాది" అనేవాడు.

సంత రోజు సాయంత్రమైతే అమ్మ నుంచి నాకు ఫోను వచ్చేది. "మీ నాన్న ఇంకా రాలేదమ్మి. ఫోను సేత్తే కలవటం లేదు." కోరాపుట్ రోడ్డులో ఘాటీ, అంటే కొండెక్కే మలుపుల దారి, పొడుగునా టవర్ అందదు. అందే చోట కూడా నాన్న బండి నడుపుతూ ఫోను తియ్యడు. ఇంటికొచ్చాక ఆలస్యమేమని ఆయన్ని అడగలేని అమ్మ, ఆ ఆదుర్దా అంతా నా మీద దింపేది. నేను విసుక్కునేదాన్ని. "సునాబెడలో కూకుని నానేటి సెప్పగలనే?" అనేదాన్ని. విసుక్కుని విసుక్కుని, చివరికి చెప్పగలిగేట్టు చేద్దామని కూర్చున్నాను.

బజారులో తయారుగా దొరికే ట్రాకర్లు ఉన్నాయి. మా ఆయన అదే అన్నాడు. కానీ నాకు పట్టుదల వచ్చింది. నేను చేసే పని ఏమిటో నాన్నకు ఒక్కసారైనా చేతిలో పెట్టి చూపించాలనిపించింది. అరచేతిలో ఇమిడే మైక్రోకంట్రోలర్ బోర్డు ఒకటి, సిమ్ కార్డు వేసుకుని టవర్‌తో మాట్లాడే మాడ్యూలు ఒకటి, ఉపగ్రహాలను పట్టుకుని తానెక్కడుందో లెక్కగట్టుకునే జీపీఎస్ ముక్క ఒకటి తెప్పించాను. కలిపి వైర్లు అతికిస్తే బల్ల మీద బంగారంలా పని చేశాయి. మా ఆయన స్కూటరు మీద పెట్టి క్వార్టర్స్ చుట్టూ తిప్పితే మాత్రం, టవర్ కోసం వెతికినప్పుడల్లా మొత్తం ఆగిపోయి మళ్లీ మొదటి నుంచి మొదలయ్యేది. కొన్ని ఆదివారాలు దాని ముందు కూర్చుని, ప్రోగ్రాములో తప్పుందనుకుని ప్రతి వరుసా తిరగరాశాను. తప్పు అక్కడ లేదు. ఆ మాడ్యూలు టవర్‌ను పిలిచే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, అప్పుడు పక్కనున్న బోర్డు కరెంటు అందక సొమ్మసిల్లుతుంది. దాని పక్కనే, కరెంటు దాచుకుని అవసరానికి అందించే పెద్ద కెపాసిటర్ ఒకటి అతికిస్తే సరిపోయింది. ల్యాబులో ప్రతి ఏడాదీ పిల్లలకు చెప్పే పాఠమే అది. నాకు నవ్వొచ్చింది, ఒళ్లు కూడా మండింది.

అన్నింటినీ ఒక ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో సర్ది, వేడి చేసిన సోల్డరింగ్ కడ్డీతో వైర్లకు కన్నాలు పెట్టి, రాయగడ తీసుకెళ్లాను. నాన్న తన చిన్న సరుకు వ్యాను ముందు కూర్చుని నేను చేసేదంతా చూశాడు. అద్దం వెనక డబ్బాను బిగించి, బ్యాటరీ నుంచి వైరు లాగి, నా ఫోను నుంచి దానికి మిస్డ్ కాల్ ఇచ్చాను. అది కాల్ కట్ చేసి, వ్యాను ఎక్కడుందో చూపించే మెసేజీ పంపింది. దాన్ని నొక్కితే మ్యాపు మీద మా వీధి, మా కొట్టు ముందు ఒక నీలం చుక్క. నాన్న ఆ చుక్కను చాలాసేపు చూసి లోపలికి వెళ్లి కుంకుమ తెచ్చి డబ్బాకు బొట్టు పెట్టాడు. వైర్లలో పడుతుందని నేను గోల పెట్టినా వినలేదు.

తరవాత కొన్నాళ్లు నాన్న చేసిన ఆర్భాటం అంతా ఇంతా కాదు. మునిగుడ వెళ్తే అక్కడి వ్యాపారులకు చూపించాడు. రామనగుడ వైపు వెళ్తే అక్కడ పద్దెనిమిది మందిని పోగేసి చూపించాడని అన్నయ్య ఎగతాళి చేశాడు. వ్యాన్లోనే కూర్చుని ఆ డబ్బాకు తనే మిస్డ్ కాల్ ఇచ్చి, తను ఎక్కడున్నాడో ఫోన్లో చూసి మురిసిపోయేవాడట. "మా అమ్మి సేసింది. నాను ఏ మూలకెల్లినా సెప్పెత్తాది" అనేవాడట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. దాన్ని తలుచుకుంటేనే ఇప్పుడు బాధ.

అమ్మ మిస్డ్ కాల్ ఇవ్వడం నేర్చుకుంది. చుక్క కదిలితే ఒక చూపు, కదలకపోతే రెండు చూపులు. నాకు ఫోన్లు ఆగిపోయాయి. నాన్నను అడగకుండానే అన్నీ తెలుస్తున్నాయని అందరికీ హాయిగా ఉంది. మా ఇంటికి అంతకంటే సరిపోయే యంత్రం ఇంకోటి ఉండదు.

ఒక్క లోపం మిగిలింది. ఘాటీలో టవర్ లేనంతసేపూ చుక్క కొండ కింది ఊళ్లోనే ఆగిపోయి, తరవాత ఒక్కసారిగా కొండ మీదికి గెంతేది. నాకది నచ్చలేదు. ఒక ఆదివారం రాయగడ వెళ్లి, టవర్ లేనప్పుడు దారంతా గుర్తుపెట్టుకుని, టవర్ అందగానే వరసగా పంపేట్టు ప్రోగ్రాం మార్చాను. ఆ మార్పు ఎవరూ అడగలేదు. బాగా చెయ్యగలను కాబట్టి చేశాను. మర్నాటి సంతకు వ్యాను ఘాటీ ఎక్కిన దారి మొత్తం, ఒక్కో మలుపూ గీసినట్టు ఫోన్లో కనబడింది. అన్నయ్య ఫోన్లో కూడా అది వచ్చేట్టు పెట్టాను.

కొట్టు ఇప్పుడు నడిపేది అన్నయ్యే. కొన్ని సంతలు గడిచాక ఫోను చేశాడు.

"నాన్న ఘాటీ కింద ఆగుతన్నాడు" అన్నాడు. "పెతి సంతకీని. ఎల్లినప్పుడు కింద, వచ్చినప్పుడు పైన. ఊరికే ఒక మాటు కాదు, సేపు ఆగుతన్నాడు."

"టీ తాగుతాడేటో" అన్నాను.

"అక్కడ టీ కొట్టు లేదమ్మి. ఉన్నవి సారా పాకలు."

నాన్న జన్మలో తాగి ఎరగడు. అదే మాట అన్నాను. అన్నయ్య కాదనలేదు, అవుననీ అనలేదు. "నీ డబ్బా అబద్దమాడదు గదా" అన్నాడు.  అది అబద్ధమాడకుండా చెయ్యడానికే నేను అన్ని ఆదివారాలు ఖర్చు పెట్టాను.

ఇంకో ఇంట్లో అయితే ఆ సాయంత్రమే ఎవరో ఒకరు "ఏంటి నాన్నా, అక్కడ ఆగుతున్నావు?" అని ఉండేవారు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. బదులుగా ఆ చుక్కను ఇంకా శ్రద్ధగా చూడడం మొదలుపెట్టారు. నాన్న దిగగానే అన్నయ్య ఏదో సరుకు దించే వంకతో దగ్గరికెళ్లి వాసన చూసేవాడు. వాసన ఉండేది కాదు, తమలపాకు నమిలాడనుకునేవాడు. అమ్మ దేవుడి గదిలో ఏడ్చి వచ్చి, తాగిన మత్తు దిగడానికని నిమ్మకాయ పిండిన మజ్జిగ గ్లాసుతో ఎదురెళ్లేది. ఎండన పడి వచ్చానని ప్రేమ కొద్దీ ఇస్తోందనుకుని నాన్న గటగటా తాగి, "ఈమజ్జ మీ అమ్మ నన్ను బాగా సూసుకుంతంది" అని నాకు ఫోన్లో చెప్పాడు. నేను "ఊఁ" అన్నాను. వానలు పట్టాయి, వెలిశాయి, ఘాటీలో మంచు దిగడం మొదలైంది. మేం అలాగే చూస్తూ ఉన్నాం.

కాలేజీకి సెలవులిస్తే రాయగడ వెళ్లాను. తిరిగి బయలుదేరే రోజు సంత పడింది. పొద్దున్నే నాన్న వ్యాను వెళ్లిపోయింది, ఎక్కడికని ఎవరూ అడగలేదు. కాసేపటికి నేను కోరాపుట్ బస్సెక్కాను. అదే దారి. ఘాటీ మొదలయ్యే చోట కిటికీలోంచి చూస్తే రోడ్డు పక్కన మా వ్యాను కనిపించింది. బస్సు ఆపించి దిగిపోయాను.

నాన్న వ్యానుకు ఆనుకుని, వచ్చిన దారి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. నేను పక్క నుంచి నడుచుకుంటూ వెళ్లాను. చెయ్యి అందేంత దగ్గరికి వెళ్లినా ఆయన నన్ను చూడలేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాక ఉలిక్కిపడ్డాడు.

"ఏటమ్మి, బస్సు సెడిపోయిందేటి?"

"లేదు నాన్నా. నిన్ను సూసి దిగేను."

సారా వాసనేమీ లేదు. ఫ్లాస్కు మూతలో టీ పోసి ఇచ్చాడు. పాకల వైపు కనీసం తల తిప్పి చూడలేదు. నేను టీ తాగడం అయ్యేదాకా ఆగి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆయన్ని అడిగాను. "ఇక్కడెందుకాగేవు నాన్నా?"

కోప్పడతాడనుకున్నాను. ఎవరైనా అడిగితే చెబుదామని ఎప్పటి నుంచో కూర్చున్నట్టు చెప్పేశాడు. "లారీ కోసం. బరువేసుకుని మెల్లగా ఎక్కే లారీ ఒకటి వస్తాది గదా, దాని ఎనకాల పడి ఎల్లిపోతాను. అది తిరిగిన కాడ తిరుగుతాను, అది ఆగిన కాడ ఆగుతాను. బస్సుల్తో ఆ పని అవదు, వడిగా ఎలిపోతాయి." రెండు అరచేతులూ కణతల పక్కన అడ్డం పెట్టి చూపించాడు. "పక్కలు కనపడటం లేదమ్మి. నడిమిన బాగానే ఉంది. సుట్టూ పొగ."

ఎన్నాళ్లయిందని అడిగాను. డబ్బా పెట్టిన రోజుల్లో కొంచెం ఉండేదట, ఇప్పుడు ఎక్కువైందట. మందుల కొట్లో ఏదో కళ్ల మందు అడిగి వేసుకుంటున్నాడట. ఇంట్లో చెబితే బండి మానిపిస్తారని చెప్పలేదు.

ఇంతలో లారీ ఒకటి వచ్చింది. "ఎక్కు" అన్నాడు. ఆ వ్యాన్లో నాన్న పక్క సీట్లో నేను చిన్నప్పుడు ఎప్పుడో కూర్చున్నాను, మళ్లీ ఆ రోజే. ఆ సీట్లో ఎప్పుడూ సబ్బుల పెట్టెలో ఉప్పు బస్తాలో ఉండేవి. వాటిని వెనక్కి నెట్టి కూర్చున్నాను. మూడు మలుపులు దాటకముందే నాకు అంతా అర్థమైపోయింది. పక్కకు చూడాలంటే ఆయన మెడ మొత్తం తిప్పేవాడు, తిప్పిన ఆ క్షణంలో ముందు రోడ్డు పోయేది. ఒక మలుపులో కట్టెల మోపుతో ఒకామె ఎడమ అంచున నడుస్తోంది. లారీ ఆమెను తప్పించుకుని పోయింది. నాన్న తిన్నగా ఆమె మీదికి పోనిస్తున్నాడు.

"నాన్నా, ఎడం పక్కన మనిషి" అన్నాను.

ఆయన మెత్తగా కుడికి తిప్పాడు. ఆమె వెనక్కి కూడా చూడలేదు.  అక్కడి నుంచి నేను ఆగకుండా చెబుతూనే ఉన్నాను. ఎడమన కల్వర్టు, కుడిన మోటారు సైకిలు, ఎడమన మేకలు. చెబుతున్న కొద్దీ ఆయన భుజాలు కిందికి దిగాయి. స్టీరింగును పిసికినట్టు పట్టుకున్న చేతులు వదులయ్యాయి. హుషారొచ్చి, తన పెళ్లికి ముందు ఎడ్ల బండి మీద ఈ సంతలకు వచ్చిన కబుర్లు ఎత్తుకున్నాడు. నాన్నతో నేను అంతసేపు మాట్లాడడం అదే మొదలు. సునాబెడ ప్రయాణం మానేసి సంతలో ఆయన పక్కనే కూర్చుని ఉప్పూ సబ్బులూ అమ్మాను. కొండచీపుర్లూ అల్లమూ వేసుకుని సాయంత్రం ఆయనతోనే దిగాను. నా జీవితంలో మంచి రోజులు ఏరితే అది తప్పకుండా వస్తుంది, కట్టెల మోపు ఆమెతో సహా.

ఇంటి ముందు అమ్మ మజ్జిగ గ్లాసుతో నిలబడి ఉంది. ఆ గ్లాసు చూశాక నేను ఆగలేకపోయాను. కళ్ల సంగతి అందరి ముందూ చెప్పేశాను. తాగుబోతు అన్న మాట నుంచి ఆయన్ని బయటికి లాగాలంటే ఇంకో దారి లేదు. అన్నయ్య ముఖం చూడలేకపోయాను. అమ్మ గ్లాసు గుమ్మం మీద పెట్టి అక్కడే కూలబడింది. తన గురించి ఇన్నాళ్లూ వీళ్లేం అనుకున్నారో నాన్నకు అప్పుడే తెలిసింది. ఆయన మెడ తిప్పి ఆ గ్లాసును వెతికి చూశాడు. 

కాసేపటికి అన్నయ్య, "ఘాటీలో ఎవర్నైనా గుద్దెత్తే ఏటైపోతాం నాన్నా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. నాన్న జేబులోంచి తాళం తీసి వాడి చేతిలో పెట్టాడు.  ఆ మలుపులో నేను లేకపోతే ఏం జరిగేదో నాకు తెలుసు.

విజయనగరంలో కళ్ల డాక్టరు చూసి నీటికాసులని, అంటే గ్లాకోమా అని చెప్పింది. పోయిన చూపు రాదు, ఉన్నది నిలబెట్టుకోవడానికి మందు రోజూ వెయ్యాలి, ఇదే మందు ముందు నుంచి వేసుకుని ఉంటే ఇంత పోయేది కాదు అంది. ఇంట్లో ఎవరూ గమనించలేదా అని అడిగింది. అన్నయ్య బయటి బోర్డు చదువుతున్నట్టు తల తిప్పుకున్నాడు. నేను వేళ్ల మీద నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. మేం ఫోన్లలో నాన్నను అంత శ్రద్ధగా చూసిన నెలల్లోనే ఆయన చూపు పోయింది. ఒక్క సంతకు, మాలో ఎవరైనా, ఆ ఉప్పు బస్తా జరిపి పక్కన కూర్చుని ఉంటే మూడు మలుపుల్లో తెలిసిపోయేది. అన్నయ్యకు కొట్టు ఉంది, నాకు ఉద్యోగం ఉంది, అమ్మను ఎవరూ రమ్మనలేదు. ఈ కారణాలన్నీ నిజమే. వాటిని ఎన్నిసార్లు చెప్పుకున్నా లోపల మంట తగ్గదు.

ఇప్పుడు వ్యాను నడపడానికి ఒక డ్రైవరును పెట్టుకున్నాం. నాన్న కొట్టు ముందు బల్ల మీద కూర్చుంటాడు. మొన్న వెళ్లినప్పుడు సంత రోజే. సరుకు ఎక్కించి వ్యాను కదిలేదాకా నాన్న అటే ముఖం పెట్టి కూర్చుని, అది వీధి మలుపు తిరిగాక, తన కుడి పక్కన నిలబడి ఉన్న నన్ను అడిగాడు.

"నీ డబ్బా ఇంకా పని సేత్తందేటి?"

"సేత్తంది నాన్నా."

"బాగా సేసేవమ్మి. దానికి వంక పెట్టడానికి లేదు." కాసేపు మోకాళ్లు రాసుకున్నాడు. "నాను ఎక్కడున్నానో మీకందరికీ తెలిసింది. ఎలగున్నానో తెలాలంటే పక్కన కూకోవాల గదా."

కోపంగా అనలేదు. సరుకు తూకం గురించి చెప్పినట్టు మామూలుగా అన్నాడు.  నేను చప్పుడు చెయ్యకుండా వెళ్లి బల్ల మీద ఆయనకు ఎడమ పక్కన కూర్చున్నాను. ఆయన ఎదురుగా రోడ్డు వైపే చూస్తూ ఉన్నాడు. నేను ఎంతకీ మాట్లాడకపోయేసరికి, ఇందాక నేను నిలబడిన చోటి వైపు చెయ్యి చాపి గాలిలో తడిమాడు.

"అమ్మీ, ఎలిపోయేవేటి?" అన్నాడు.